రైతు అంటే ఎవరు? భూమి, ఆడవాళ్ళ పని, అడవి గురించి బీనా అగర్వాల్ పరిశోధన

నాట్ల రోజుల్లో పొలం గట్టున నిలబడి చూడండి. మగవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు, నారుకట్టలు విసురుతూ. మడిలో వంగి ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే. అదే ఊళ్ళో "రైతులంతా రావాలి" అని చాటింపు వేయిస్తే, వచ్చి కుర్చీల్లో కూర్చునేది దాదాపుగా మగవాళ్ళు. ఆడవాళ్ళను ఎవరూ రావద్దనలేదు. ఆ మాట తమ గురించి కాదని వాళ్ళే అనుకుంటారు. పత్రికల్లో రాసేవాళ్ళమూ ఏం తక్కువ కాదు. "రైతు, అతని భార్య" అని రాస్తాం గానీ "ఇద్దరు రైతులు" అని రాయం. నేనూ అలా చాలాసార్లే రాశాను.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించడంతో మహిళా శ్రామిక భాగస్వామ్యం, భూమి హక్కు, సుస్థిర అభివృద్ధి అనే మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడేవాళ్ళున్నారు, ఒకదానికొకటి సంబంధం లేదన్నట్టు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఈ ముడి విప్పడానికే దాదాపు నాలుగు దశాబ్దాలు పెట్టిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో, తర్వాత ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 2008లో పద్మశ్రీ, 2017లో బల్జాన్ బహుమతి అందుకున్నారు. ఆమె పరిశోధనలో ఒక ముఖ్యమైన భాగం తెలంగాణ చేలల్లో జరిగింది. అక్కడ తేలిన ఫలితం ఆమె వాదానికి పూర్తిగా అనుకూలమూ కాదు, పూర్తిగా వ్యతిరేకమూ కాదు. ఆమెను చదవాలని నాకనిపించింది అందుకే.

కలుపు తీస్తే పని, కట్టెలు తెస్తే కాదు

ముందు "పని" సంగతి. 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో పని చేస్తున్నవాళ్ళు, పని వెతుక్కుంటున్నవాళ్ళు కలిపి ఎంతమంది అన్నదే శ్రామిక భాగస్వామ్య రేటు. కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం ఇది 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్ళలో ఇంత పెరిగిందంటే ఆడవాళ్ళంతా ఉద్యోగాల్లో చేరిపోయారా?

ఎల్లమ్మ అనే మనిషిని ఊహించుకుందాం. పొద్దున సొంత పత్తి చేలో కలుపు తీస్తుంది. మధ్యాహ్నం గుట్టకు పోయి కట్టెల మోపు తెస్తుంది. సాయంత్రం వంట, అత్తకు మందులు, పిల్లల స్నానాలు. చేలో కలుపుకు ఆమెకు ఎవరూ పైసా ఇవ్వరు. అయినా సర్వే దాన్ని పని కిందే రాసుకుంటుంది, "కుటుంబ వ్యాపకంలో జీతం లేని సహాయకురాలు" అని. ఏడాదిలో ఓ 30 రోజులు అలా చేసినా ఆమె శ్రామికురాలే. ఇక చేలోకి పోకుండా ఏడాదంతా ఇంటిపనీ కట్టెల మోపులూ మాత్రమే చేసే మనిషైతే, అదే సర్వేలో ఇంటిపనులకు తోడు ఇంటి అవసరానికి సామగ్రి సేకరించే మనిషి. 93 అనే కోడు పడుతుంది. శ్రామికుల లెక్కలోకి రాదు. కట్టెల మోపు బరువు మాత్రం ఇద్దరికీ ఒకటే.

2023-24లో పనిచేస్తున్న ఆడవాళ్ళలో మూడో వంతుకు పైగా ఇలాంటి జీతం లేని సహాయకులే. అందుకే ఆ పెరుగుదలను రెండు రకాలుగా చదువుతున్నారు. ఒకటి: గ్యాసు పొయ్యి, కుళాయి నీళ్ళు, సంఘాల అప్పులు వచ్చి ఆడవాళ్ళకు చేతినిండా కొంత సమయం, కొంత పెట్టుబడి దొరికాయి, అందుకే పనిలోకి వస్తున్నారు. రెండు: మగవాళ్ళు పట్నం పనులకు పోతే చేను ఆడవాళ్ళ మీద పడింది, లేదా ఎప్పుడూ చేస్తున్న పనినే సర్వేవాళ్ళు ఇప్పుడు సరిగ్గా రాసుకుంటున్నారు. రెండింటిలోనూ నిజం ఉండే అవకాశం ఉంది. ఇంటి లోపలి లెక్క మాత్రం అంతగా కదల్లేదు. 2019 సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళను మాత్రమే తీసుకుంటే, ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది.

అయితే అగర్వాల్ మొదలుపెట్టేది ఇక్కడ కాదు. ఎల్లమ్మ పనిని సరిగ్గా లెక్కపెడితే చాలని ఆమె అనరు. ఎల్లమ్మ కలుపు తీస్తున్న ఆ చేను ఎవరిది అని అడుగుతారు.

ఆరెకరాలు, ఒక కూతురు: వారసత్వ చట్టం గుంటల్లో

లెక్క వేసి చూద్దాం. ఉమ్మడి కుటుంబానికి పిత్రార్జితం ఆరెకరాలు, అంటే 240 గుంటలు. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం పద్ధతిలో పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉన్నవాళ్ళు ముగ్గురే: తండ్రి, ఇద్దరు కొడుకులు. తలా 80 గుంటలు. తండ్రి వాటా 80ని మాత్రం తల్లి, కొడుకులు, కూతురు నలుగురూ సమానంగా పంచుకుంటారు, మనిషికి 20. చివరికి కొడుకులకు నూరేసి గుంటలు, కూతురికి 20, తల్లికి 20.

పుట్టుకతో హక్కు ఉన్నవాళ్ళ లెక్కలోకి కూతురిని దేశంలో అందరికన్నా ముందు చేర్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, కూతురికి కూడా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు మాత్రం వర్తించదన్నారు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ బాట పట్టాయి. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వర్తించింది, పెళ్ళి షరతు లేకుండా. ఆ సవరణ కోసం జరిగిన ఉద్యమానికి ముందు నిలిచింది అగర్వాలే. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

కొత్త లెక్కలో హక్కుదారులు నలుగురు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. తలా 60. తండ్రి 60ని నలుగురికి పంచితే 15 చొప్పున. కొడుకులకు 75, కూతురికి 75, తల్లికి 15.

కూతురు 20 నుంచి 75కి వచ్చింది. మరి తల్లి? 20 నుంచి 15కి దిగింది. చట్టం గురించి మాట్లాడే సభల్లో ఈ ఐదు గుంటల మాట ఎవరి నోటా నేను వినలేదు. దాన్ని పట్టించుకోవాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తొమ్మిది రాష్ట్రాల గ్రామాల్లో 2009 నుంచి 2014 దాకా సేకరించిన వివరాలను అగర్వాల్, ఆమె సహచరులు పరిశీలిస్తే, ఆడవాళ్ళకు భూమి వస్తున్నది ఎక్కువగా భర్త పోయాక, కూతురి హోదాలో చాలా తక్కువ అని తేలింది. మొత్తం మీద భూ యజమానుల్లో ఆడవాళ్ళు 14 శాతం, వాళ్ళ చేతిలో ఉన్న భూమి 11 శాతం. ఆ తొమ్మిది రాష్ట్రాల్లో ఈ విషయంలో తెలంగాణ అందరికన్నా మెరుగు, అక్కడ యజమానుల్లో దాదాపు మూడో వంతు ఆడవాళ్ళే. అయినా మూడింట రెండు వంతులు మగవాళ్ళేనన్న సంగతి అలాగే ఉంది.

పాసుపుస్తకంలో పేరు లేకపోతే పోయేదేమిటి? బ్యాంకు పంటరుణం, పంట నష్టపరిహారం, 2018లో తెలంగాణ రైతుబంధు పేరుతో మొదలుపెట్టిన పెట్టుబడి సాయం, అన్నీ ఆ పుస్తకం చుట్టూ తిరిగేవే. చేలో ఏళ్ళ తరబడి చేసిన పని వాటిలో దేనికీ రుజువుగా పనికిరాదు.

"ఎక్కడికి పోతావ్?" అనే ప్రశ్నకు జవాబు

ఆర్థికశాస్త్రంలో ఇల్లు అంటే చాలాకాలం ఒక ముద్ద. ఇంటిపెద్ద అందరి మేలూ చూస్తాడు, ఆదాయం ఎవరి చేతికొచ్చినా ఒకటే అన్న నమూనా. అమెరికా ఆర్థికవేత్త గారీ బెకర్ ఆలోచన ఈ బాటలోదే. కాదు, ఇంట్లో సహకారమూ ఉంటుంది, పెనుగులాటా ఉంటుంది అన్నారు అమర్త్యసేన్. దాన్ని అగర్వాల్ ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ఇంట్లో ఎవరి మాట ఎంత చెల్లుతుందన్నది, ఆ ఇంట్లోంచి బయటికి రావాల్సొస్తే వాళ్ళకు నిలబడే చోటు ఏముంది అన్నదాన్ని బట్టి ఉంటుందన్నది ఆమె వాదం.

తెలుగిళ్ళలో పోట్లాట ముదిరితే భర్త నోట వచ్చే మాట ఒకటుంది: "ఎక్కడికి పోతావే?" ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పే ఈ బేరసారాల సిద్ధాంతం మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. పోవడానికి తన పేరున అరెకరమో, ఒక గదో ఉన్న మనిషిని ఆ మాట అడగడం కష్టం.

కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండాతో కలిసి ఆమె దాదాపు 500 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. భూమీ ఇల్లూ ఏదీ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళు. భూమి ఉన్నవాళ్ళలో అది 18 శాతం, ఇల్లు ఉన్నవాళ్ళలో 10, రెండూ ఉన్నవాళ్ళలో 7. ఆస్తి ఉన్న ఆడవాళ్ళు చదువులోనో పుట్టింటి అండలోనో కూడా వేరుగా ఉండొచ్చు కదా అన్న అనుమానం సబబే. పరిశోధకులు అలాంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలిచింది. అయినా ఒక జిల్లా ఫలితాన్ని దేశం మీద పరచేయకూడదు. నన్ను ఆపింది ఇంకో సంగతి: భూమి కన్నా ఇల్లే ఎక్కువ కాపాడింది. రాత్రికి రాత్రి తలుపు తీసుకుని వెళ్ళగలిగేది ఇంటిలోకే గానీ చేనులోకి కాదుగదా.

పుట్టింటి దారి మూసుకుపోతే?

ఇప్పుడు ఎదుటి వాదాలు. వాటిలో గట్టివే ఉన్నాయి.

బ్రిటన్‌కు చెందిన పరిశోధకురాలు సిసిలీ జాక్సన్ 2003లో అన్న మాట ఇది: ఆడవాళ్ళ మేలు ఇంటివాళ్ళ మేలుతో అల్లుకుని ఉంటుంది, కాబట్టి విడిగా భూమి కావాలని వాళ్ళు కోరకపోవడం వెనక ఉన్నది తెలియనితనం కాదు, లెక్క. దీనికి మన దగ్గర ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. బతుకమ్మకు పుట్టింటికి వస్తుంది, ఒడిబియ్యం పోయించుకుంటుంది, మొగుడితో గొడవైతే అన్న ఇంటికే చేరుతుంది. అలాంటి ఆడపిల్ల రిజిస్ట్రారు ఆఫీసులో తన వాటా అన్నదమ్ములకు వదిలేస్తూ సంతకం పెడుతుంది. "పసుపు కుంకుమ కింద ఇచ్చిందే మహాభాగ్యం" అంటుంది. 75 గుంటలు వదులుకుని ఆమె కొనుక్కునేది ఒక తలుపు. అది ఎప్పటికీ తెరిచే ఉంటుందన్న నమ్మకానికి ఆమె కట్టే బీమా అనుకోవచ్చు. అగర్వాల్ జవాబు: ఆ బీమా వదిన మర్యాద మీద, అన్న ఆరోగ్యం మీద ఆధారపడింది. అలా అడగలేకపోవడమే ఆమెకు వేరే దారి లేదనడానికి గుర్తు, దాన్ని ఇష్టం అని పిలవకండి.

ఇద్దరూ ఒకే సంతకాన్ని చూస్తున్నారు. నాకు జాక్సన్ వర్ణన నిజమనిపిస్తుంది, అగర్వాల్ నిర్ధారణ సరైనదనిపిస్తుంది. ఈ రెండూ కలిసి ఉండలేనివి కావు.

మరో వాదం కష్టమైనది: చట్టం ఎదురుదెబ్బ తెస్తుంది. కూతురికి వాటా ఇవ్వాల్సొస్తుందంటే కూతురే వద్దనుకునేవాళ్ళు పెరగొచ్చు. సోనియా భలోత్రా, రేచల్ బ్రూలే, సంచారి రాయ్ చేసిన పరిశోధనలో సవరణ తర్వాత కొడుకు మీద మోజు తగ్గకపోగా, ఆడశిశువులను కడుపులోనే వదిలించుకోవడం పెరిగిందని తేలింది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఎక్కువగా తిరిగిన బ్రూలే ఇంకో మెలిక చూపించారు. సర్పంచి పదవి ఆడవాళ్ళకు రిజర్వయిన ఊళ్ళలో కూతుళ్ళు వాటా అడగగలుగుతున్నారు, దాంతోపాటే ఇంట్లో ఎదురుతిరుగుడూ ఉంటుంది. కట్నానికి బదులు వాటా అని మాట్లాడుకునే వయసులో ఉన్న పిల్లలకు ఆ సెగ తక్కువ. అప్పటికే కట్నమిచ్చి పంపిన కూతురు మళ్ళీ వాటా అడిగితే ఎక్కువ. ఇది కోర్టులో కన్నా ఇళ్ళలోనే ఎక్కువ తేలే విషయం.

అడవిని ఎవరు కాపాడతారు, ఆ ఖర్చు ఎవరిది

ఇక "సుస్థిర" అనే మాట. రేపటివాళ్ళ నోటికాడ ముద్ద లాక్కోకుండా ఇవాళ బతకడం అన్నది దాని మూలార్థం, 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది దాదాపు అదే. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఐదోది స్త్రీ పురుష సమానత్వం, ఆడవాళ్ళకు భూమి హక్కు అందులో ఉంది. పదిహేనోది అడవులు, నేల. ఈ పదిహేనో లక్ష్యం పాఠంలో ఆడవాళ్ళ ప్రస్తావనే లేదు. సముద్రం గురించిన పద్నాలుగోదీ అంతే.

ఆడవాళ్ళకూ అడవికీ ఉన్న సంబంధం గురించి 1980లలో ఒక బలమైన మాట వచ్చింది. చిప్కో ఉద్యమాన్ని చూసి వందనా శివ లాంటివాళ్ళు స్త్రీకీ ప్రకృతికీ లోతైన బంధం ఉందన్నారు. వినడానికి బావుంటుంది. 1992లో అగర్వాల్ దీన్ని ఒప్పుకోలేదు. బంధం పుట్టుకతో వచ్చేది కాదు, చేసే పనితో వచ్చేది అన్నారు. ఏ కట్టె పొగ రాకుండా మండుతుందో, ఏ గుట్టమీద గడ్డి ముందు ఎండుతుందో తెలిసేది రోజూ మోపు ఎత్తే మనిషికి. గ్యాసు పొయ్యి ముందు నిలబడే ఆసామి భార్యకు అది తెలియదు, ఆమె కూడా ఆడమనిషే అయినా. మోపు ఎత్తే మగమనిషికి తెలుస్తుంది.

ఈ తేడా చిన్నది కాదు. బంధం పుట్టుకతో వచ్చిందనుకుంటే అడవి కాపలాను ఉచితంగా ఆడవాళ్ళ నెత్తిన పెట్టేయొచ్చు. పనితో వచ్చిందనుకుంటే ఆ పనికి ఖరీదు కట్టాలి.

అడవి కమిటీల్లో ఏం జరిగిందో చూస్తే సంగతి తేటపడుతుంది. 1990లలో దేశమంతటా, మన దగ్గర వన సంరక్షణ సమితుల పేరుతో, ఊరివాళ్ళే అడవిని కాపాడుకునే పద్ధతి వచ్చింది. చాలాచోట్ల నిర్ణయాలు మగవాళ్ళవి. "ఇవాళ్టి నుంచి అడవిలోకి ఎవరూ పోకూడదు" అని తీర్మానం చేస్తారు. చెట్లు పెరుగుతాయి, నివేదికలో విజయం అని రాస్తారు. పొయ్యిలోకి కట్టె మాత్రం రోజూ కావాలి. గంటలో తెచ్చే మోపుకు ఇప్పుడు ఇంకా దూరం నడవాలి, లేదా దొంగతనంగా తెచ్చి జరిమానా కట్టాలి. పచ్చదనం పెరిగింది నిజమే. దాని ఖర్చు ఏ లెక్కలోనూ లేని, ఆ 93 కోడు మనిషి మోకాళ్ళలోంచి వచ్చింది.

మరి కమిటీలో ఆడవాళ్ళుంటే? గుజరాత్, నేపాల్‌లలో 135 సంఘాలను పరిశీలించి అగర్వాల్ చెప్పినవి ఇవి. ఒకరిద్దరు ఉంటే లాభం లేదు, మాట్లాడరు. కార్యవర్గంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటే గొంతు లేస్తుంది. భూమి లేని పేదింటి ఆడవాళ్ళు ఉంటే ఇంకా గట్టిగా లేస్తుంది, ఎందుకంటే కట్టె అవసరం వాళ్ళదే. నేపాల్‌లో పూర్తిగా ఆడవాళ్ళే నడిపిన సంఘాలకు ఇచ్చినవి చిన్న అడవులు, అందులోనూ బాగా పాడైనవి. అయినా మిగతా సంఘాల కన్నా వాళ్ళ అడవే బాగా కోలుకుంది.

కలిసి సేద్యం: కేరళలో ఒకలా, తెలంగాణలో ఇంకోలా

భూమి రాని ఆడవాళ్ళ సంగతేమిటి? కొందరు కలిసి కౌలుకు తీసుకుని, కలిసి పనిచేసి, ఖర్చూ పంటా పంచుకుంటే? ఇదే సంఘ సేద్యం. మన దగ్గర ఇది కొత్త కాదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఎప్పటినుంచో కలిసి భూములు కౌలుకు తీసుకుని, కొని, జొన్న, కంది, కొర్ర కలిపి పండించారు. 2001లో ఐక్యరాజ్యసమితి నిధులతో ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సమత సొసైటీ ఐదేళ్ళ ప్రాజెక్టుగా ఊరూరా ఇలాంటి సంఘాలను పెట్టించింది. కేరళలో ప్రభుత్వ మహిళా సంఘాల కార్యక్రమం కుటుంబశ్రీ అదే పని చేసింది.

అగర్వాల్ బృందం 2012-13లో ఏడాది పొడవునా రెండు రాష్ట్రాల్లో సంఘాల చేలనూ, పక్కనే ఉన్న సొంత కుటుంబ సేద్యాలనూ పోల్చింది. కేరళలో సంఘాలు స్పష్టంగా గెలిచాయి, హెక్టారుకు వచ్చిన పంట విలువ సొంత సేద్యాల కన్నా దాదాపు 1.8 రెట్లు. నికర ఆదాయంలోనూ వాళ్ళదే పైచేయి. తెలంగాణలో దిగుబడిలో సంఘాలు చాలా వెనకబడ్డాయి. నికర ఆదాయం మాత్రం సమానంగా వచ్చింది. ఎలా? బయటి కూలీలను పెట్టుకోకుండా పని తామే చేసుకుని ఖర్చు మిగిల్చారు.

ఎందుకీ తేడా? కేరళ సంఘాలు చిన్నవి, కులాలు కలిసినవి, నాబార్డు ద్వారా తక్కువ వడ్డీ అప్పు దొరికేవి, పంచాయతీ అండ ఉన్నవి. అరటి, కూరగాయలు వేశాయి. తెలంగాణ సంఘాల్లో మనుషులు ఎక్కువ, చాలావరకు పేద దళిత కుటుంబాలవాళ్ళు, వానమీద ఆధారపడిన నేలలు. ప్రాజెక్టు డబ్బు 2005 తర్వాత ఆగిపోయింది, చాలా సంఘాలు దాంతోనే ఆగాయి. నిలిచినవాటికి ఆసరా లేదు. ఒకే కులంవాళ్ళయితే ఐకమత్యం ఎక్కువ అన్న మామూలు నమ్మకానికి ఇక్కడ బలం దొరకలేదు. రెండుచోట్లా వరి, మొక్కజొన్న లాంటి తిండిగింజల్లో సంఘాలు వెనకే, ఎందుకంటే మంచి మడి, తరాల అనుభవం మగ రైతు దగ్గరున్నాయి. అమ్ముకునే పంటల్లో ఇంతకన్నా మెరుగ్గా చేశాయి.

తెలంగాణ "సమానం" మీద నాకో సందేహం మిగిలింది. కూలి మిగిలిందంటే ఆ కూలి ఎవరి రెక్కల్లోంచి మిగిలింది? ఆమె పనికి ఖరీదు కడితే ఆ సమానం నిలవకపోవచ్చు. అయితే పక్కన సొంత సేద్యం చేసే మగ రైతు ఇంట్లోనూ భార్య పనికి ఖరీదు కట్టరు కాబట్టి, రెండువైపులా తప్పు ఒకేలా ఉందని కూడా అనొచ్చు. సంఘంలోనైతే కనీసం పుస్తకం ఉంటుంది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు రాసుకుంటారు. రాలేనివాళ్ళు తమ బదులు ఇంకో మనిషిని పంపాలి, లేదా ఆ రోజు కూలి కట్టాలి. ఇంటి సేద్యంలో భార్య పేరిట అలాంటి పుస్తకం ఎక్కడా లేదు.

ఇదే ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యానికీ వర్తిస్తుంది. అది మహిళా సంఘాల మీదే నడుస్తోంది. జీవామృతానికి 200 లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి వేసి రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. యూరియా బస్తా అయితే దుకాణంలో కొని ఆటోలో వేసుకుని రావడమే. ఆ కర్ర ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. నేలకు మేలు జరుగుతుంది, నిజమే. ఆ నేల ఎవరిది అన్న పాత ప్రశ్న మళ్ళీ వచ్చి నిలబడుతుంది.

పొలానికి చెరువు మట్టి తోలించిన రైతును అడగండి, ఒక్కసారి తోలితే దాని సత్తువ రెండు మూడేళ్ళు ఉంటుందని చెబుతారు. సంఘాలు సాగుచేసే కౌలు నేల సంగతి చూడండి. కేరళలో భూమిని కౌలుకివ్వడమే చట్టం ఒప్పుకోదు, అంతా నోటిమాట మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తుంది, భూయజమాని సంతకం పెడితే. దాని గడువు పదకొండు నెలలు.